గాయంలో మేలుకునే గింజ

తిక్కయ్య తల పగిలి మూడోసారి క్యాజువాలిటీకి వచ్చిన రోజు నాకు జాలి వేయలేదు, ఒళ్లు మండింది. నుదుటి మీద చర్మం రెండుగా విడిపోయి లోపలి ఎముక తెల్లగా కనిపిస్తోంది. రక్తం కనుబొమ్మ దాటి మీసంలోకి కారుతోంది. మనిషి మాత్రం పెళ్లిభోజనం చేసి వచ్చినవాడిలా బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు.

"ఎవరు కొట్టినారు తిక్కయ్యా?"

"నేనే కొట్టించుకుంటి మేడం. జిన్నింగు మిల్లులో మా మేస్త్రిని వాళ్లమ్మను పట్టుకొని ఒక మాటంటి. పత్తి బేళ్లు లాగే కొక్కెం ఉంటాది సూడండి, దాంతో ఏసినాడు. మంచోడు పాపం."

సిరంజిలోకి తిమ్మిరి మందు తీసుకుని దగ్గరికి వెళితే చెయ్యి అడ్డం పెట్టాడు. "సూదెందుకు మేడం, ఊరికే కుట్టండి."

కుట్టాను. సూది దిగిన ప్రతిసారీ వాడి కళ్లు సగం మూతపడ్డాయి. మండువేసవిలో కుండనీళ్లు తాగినట్టు గుటక వేశాడు. టార్చి వేసి చూస్తే కంటిపాపలు ఆవగింజలంత ఉన్నాయి. మత్తుమాత్రలు మింగాడనుకుని జేబులు వెతికించాను. బీడీకట్ట తప్ప ఏమీ లేదు. నోరు తెరవమంటే తెరిచాడు. సారా వాసన లేదు. కింది దవడలో చివరి పన్ను మాత్రం లేదు.

"ఇదెప్పుడు పీకించుకున్నావు?"

"ఉగాది కాడ. మన పంపాపతి సారు తీసినాడు మేడం. దేవుడు ఆయప్ప. నొప్పంటే ఏందో తెలీకుండా చేసినాడు."

పంపాపతి మా ఆయన. ఆ మాట విని నేను పొంగిపోయాను. తెలివి తెల్లారినట్టే ఉంది నాది.

ఆదోనిలో మా ఆసుపత్రి చిన్నదే. కింద నా క్యాజువాలిటీ, మేడ మీద ఆయన దంతవైద్య విభాగం, దాని వెనక గదిలో ఆయన ప్రయోగశాల. మనిషి మెత్తన. పన్ను పీకేముందు రోగికి క్షమాపణ చెప్పుకునే రకం. కొన్నేళ్ల కిందట ఒక లారీ డ్రైవరు జ్ఞానదంతం తీయించుకుని వెళ్లి, ఆయన రాసిచ్చిన నల్లమందు జాతి మాత్రలు నాలుగూ ఒకేసారి మింగి, పైన క్వార్టరు మందు తాగి పడుకున్నాడు. ఊపిరి ఆగి చచ్చిపోయాడు. అప్పటినుంచి మా ఆయన అలాంటి మాత్ర రాయడమే మానేశాడు. "పంటినొప్పికి మొదట ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి ఇస్తే చాలామందికి సరిపోతుంది గిరిజా. సరిపోనివాళ్ల సంగతే నాకు నిద్ర పట్టనియ్యడం లేదు" అనేవాడు.

ఆ నిద్ర పట్టని ఏళ్లలోనే గింజ పుట్టింది. జొన్నగింజంత ఉంటుంది. పన్ను తీసిన గుంటలో, ఎముకలో పాతిపెడతారు. లోపల ఉండేదీ నల్లమందు జాతి మందే, ఆరు నెలలపాటు కొంచెం కొంచెంగా ఊరి ఒంట్లో తిరుగుతుంది, కానీ నిద్రపోతూ తిరుగుతుంది. వాచిన కండలో ఆమ్లం పెరుగుతుంది కదా, అక్కడికి చేరినప్పుడే మేలుకుంటుంది. అక్కడి నొప్పి తీసి, మామూలు రక్తంలో కలవగానే మళ్లీ నిద్రపోతుంది. మెదడు జోలికి పోదు, ఊపిరి ఆపదు, అలవాటు చెయ్యదు. ఇదీ ఆయన నమ్మకం. అనుమతులన్నీ తెచ్చుకుని అరవై మందికి పైగా పెట్టాడు. వాళ్లకు వ్యసనం పట్టుకుందా లేదా అని తెలుసుకోవడానికి ఒకటే గుర్తు పెట్టుకున్నాడు. మందు ఇంకా కావాలని ఎవరైనా వస్తారా అని కాచుకున్నాడు. ఒక్కరూ రాలేదు. అందరూ కిందికి, నా దగ్గరికి వస్తున్నారు.

ఈ సంగతి మాకు తెలియకపోవడమేమిటి, మొగుడూ పెళ్లాలే కదా అని మీకు అనిపించవచ్చు. మా అత్త నీలమ్మ నియమం ఒకటుంది. శివపూజ చేసి, విభూతి పెట్టుకుని కూర్చున్న భోజనాల పంక్తిలో చీము, నెత్తురు, రోగం అన్న మాట వినపడకూడదు. ఇద్దరం డాక్టర్లమయ్యేసరికి ఆమె దాన్ని మరీ బిగించింది. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునేది ఆ పంక్తిలో మాత్రమే. మిగతా వేళల్లో ఆయన మేడ మీద, నేను కింద. పంక్తిలో జొన్నరొట్టె ఎలా పొంగిందో, ఉల్లిధర ఎంత పలుకుతోందో మాట్లాడుకునేవాళ్లం. తిక్కయ్య నుదురు, హుసేనప్ప అనే ఇంకో రోగి విరిగిన వేళ్లు, ఇంకా నేను కుట్టిన ఒళ్లన్నీ నా కంచం ఇవతలే ఉండిపోయాయి. వాళ్ల పళ్లు ఆయన కంచం అవతల ఉండిపోయాయి.

ఆ పంక్తిలో నా తమ్ముడు వీరేశు కూడా ఉండేవాడు. ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టరు. మా ఇంట్లోనే ఉండేవాడు. కోడిపిల్లను అదిలించాలన్నా మొహమాటపడే మనిషి. ఎండాకాలం సెలవుల్లో జ్ఞానదంతం అడ్డం తిరిగితే బావే తీసి, గింజ పెట్టాడు. బడి తెరిచాక ఒకరోజు పెదవి చిట్లి వచ్చాడు. ఇంకోరోజు పక్కటెముకల దగ్గర నీలిమచ్చ. "కబడ్డీ నేర్పుతాండానక్కా, తగల్తాయిలే" అన్నాడు. అరచేతిలో బొబ్బలు కనపడితే వేడి పెనం పొరపాటున పట్టుకున్నానన్నాడు. నేను మందు రాశాను. వాడు రాయించుకుంటూ కళ్లు సగం మూశాడు. అది కూడా చూశాను. చూసి కూడా, తమ్ముడు కదా, అలసిపోయాడనుకున్నాను.

ఒక ఆదివారం ఆయన ఇంటికి బయలుదేరుతూ కళ్లజోడు ప్రయోగశాలలో మరిచిపోయాడు. డ్యూటీ దిగి తెద్దామని పైకి వెళ్లాను. ఎలుకల బోనులు వరసగా ఉన్నాయి. సగం బోనుల్లో ఎలుకలు మామూలుగా మేత తింటున్నాయి. గింజ పెట్టిన మిగతా సగంలోంచి కీచుమన్న శబ్దం కూడా లేదు. దగ్గరికి వెళ్లి చూశాను.

ఒక ఎలుక ఇంకోదాని వెనక్కాలు కొరుకుతోంది. కొరికించుకునేది పారిపోవడం లేదు. కాలు చాచి పెట్టింది. కండ ఊడివచ్చి ఎముక బయటపడింది. కాసేపటికి కొరికిన ఎలుక వెల్లకిలా తిరిగి తన పొట్ట చూపించింది. ఇప్పుడు కుంటిది పాకుతూ వచ్చి దాన్ని కొరకడం మొదలుపెట్టింది. వంతులవారీగా, ఒక్క అరుపు లేకుండా సాగుతోంది ఆ పని. మూలన ఒకటి తోక అంతా తానే తినేసి, మొండి మీద రక్తం నాకుతూ కూర్చుంది.

"ఎండలకు ఎలుకలు కొట్లాడతాండాయి మేడం. బోనుకు మూడే పెట్టండంటే సారు వినడు" అంది ఊడ్చడానికి వచ్చిన ఆయా.

కొట్లాట ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను రోజూ కుట్టేది కొట్లాటలే. ఇది కొట్లాట కాదు. తిక్కయ్య గుటక, ఆవగింజంత కంటిపాప, తమ్ముడి బొబ్బల చెయ్యి అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. మందు మెదడులోకి పోతోంది. గాయం దగ్గర మేలుకున్నది మళ్లీ నిద్రపోయేలోపు కొంచెం తలకెక్కుతోంది. చిన్న గాయానికి చిన్న వాటా, పెద్ద గాయానికి పెద్ద వాటా. మా రోగులకు మాత్రతో పని లేదు. దెబ్బే వాళ్ల మాత్ర.

కళ్లజోడు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. క్వార్టర్సు రోడ్డు అవతలే. అప్పటికే పంక్తి వేశారు. అత్త వడ్డిస్తోంది. ఆయన, వీరేశు పీటల మీద కూర్చున్నారు. వీరేశు చొక్కా భుజం మీద తడిగా, ఎర్రగా ఉంది.

"మీ ఎలుకలు ఒకదాన్నొకటి తింటున్నాయి" అన్నాను చెప్పులు కూడా విప్పకుండా.

"గిరిజా! పంక్తిలో ఏం మాటలవి?" అత్త గరిటె ఎత్తింది.

"అత్తా, ఈ పొద్దు గమ్మునుండు" అన్నాను. కాపురానికి వచ్చిన తర్వాత ఆమెను అంత మాట అనడం అదే మొదలు. నిలబడే అంతా చెప్పాను. తిక్కయ్య గురించి, హుసేనప్ప గురించి, ఎలుకల వంతుల గురించి. చెబుతుంటే ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది.

"హుసేనప్పకు కూడా గింజ పెట్టినాను" అన్నాడు మెల్లగా. "వేళ్లు విరగ్గొట్టుకున్నాడని నాకెవరూ చెప్పలేదే."

"నేను చెప్పాలి. ఎక్కడ చెప్పనిచ్చారు?"

వీరేశు చెయ్యి కడుక్కున్నాడు. చాలా ప్రశాంతంగా ఉన్నాడు. "నిజమే బావా. అక్క చెప్పిందంతా నిజమే. నీకెట్ల చెప్పల్లో తెలీక ఊరకుంటి. దెబ్బ తగిల్తే తలలో దీపం పెట్టినట్ల ఉంటాది. సల్లంగ ఉంటాది. దెబ్బ లేకుంటే మాత్రం పొద్దు పోదు బావా, ఒళ్లంతా చీమలు పాకినట్ల ఉంటాది."

"గింజ తీసేస్తాన్రా. ఈ పొద్దే తీసేస్తా. పద" అని ఆయన లేచాడు.

తీసేస్తా అన్న మాటకు వీరేశు ముఖం మారింది. పీట మీంచి లేచి బావ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "తీయొద్దు. ఒక్క దెబ్బ కొట్టు బావా. గట్టిగా ఒకటి. తర్వాత మాట్లాడుకుందాం."

"పిచ్చా నీకు?"

"కొట్టవా?"

"నేనెందుకు కొడతాన్రా నిన్ను!"

వీరేశు అటూ ఇటూ చూశాడు. నీళ్ల ఇత్తడి చెంబు తీసుకున్నాడు. కోపం లేదు, తొందర లేదు. మా అత్త వైపు తిరిగి, ఆ ముసలిదాని నెత్తిన ఒక్కటి వేశాడు. ఆమె అయ్యో అని కూడా అనలేదు. గోడకు కొట్టుకుని కూలింది. రెండో దెబ్బ భుజం ఎముక మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. తెల్లజుట్టులోంచి రక్తం విభూతి మీదికి దిగింది.

"ఇప్పుడు కొట్టు బావా" అన్నాడు వీరేశు, చెంబు కింద పెట్టి.

మా ఆయన కొట్టాడు. జీవితంలో ఎవరినీ ఏరా అని గద్దించని మనిషి, తల్లి నెత్తురు చూసి పశువైపోయాడు. మొదటి గుద్దుకే దవడ పక్కకు జరిగింది. రెండో గుద్దుకు ముక్కు చితికింది. వాడు చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. పడిపోతే కాలితో తన్నాడు. పీట ఎత్తి పక్కటెముకల మీద వేశాడు. పళ్లు రెండు ఊడి పప్పుగిన్నెలో పడ్డాయి. వాడు నెత్తురు నోటితో నవ్వుతున్నాడు. "ఇంకొకటి బావా... అబ్బా... ఇంకొకటి" అంటున్నాడు. ఆ గొంతులో ఉన్న సుఖం వింటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆయనకు వినపడటం లేదు. నేను అత్త తలకు పైట నొక్కి పట్టుకుని, ఒంటిచేత్తో ఆయన కాలు పట్టుకుని లాగుతూ అరిచాను.

"ఆపండి! మీరు వాడిని కొట్టడం లేదు, వాడికి మందిస్తున్నారు! ఎక్కువైపోతుంది, ఆపండి!"

ఆయన చెయ్యి గాల్లో ఆగింది. పీట జారి పడింది.

వీరేశు నవ్వు అలాగే ఉంది, కానీ ఛాతీ కదలడం లేదు. పెదవులు నీలమయ్యాయి. లారీ డ్రైవరును చంపింది ఏదో అదే నా తమ్ముడి ఊపిరి పట్టుకుంది. ఒక్కో గాయం ఒక్కో మాత్రే కదా, మా ఆయన తన చేతులతో వాడికి సీసాడు మాత్రలు వేశాడు.

ఎదురింటివాళ్ల ఆటోలో వేసుకున్నాం. అత్తను పక్కింటి ఆడవాళ్లు ఇంకో బండిలో తెచ్చారు. దారి పొడుగునా వాడి నెత్తురు నోట్లో నోరు పెట్టి ఊదాను. క్యాజువాలిటీలో మాస్కు బిగించి, నాలోక్సోన్ సూది నరంలోకి ఎక్కించాను. నల్లమందు జాతి మందులన్నిటికీ అదే విరుగుడు. మెదడులో వాటిని కూర్చున్న చోటినుంచి నెట్టేస్తుంది. అది నెట్టేసిందంటే సుఖం పోతుంది, ఊపిరి వస్తుంది, నొప్పి కూడా వస్తుంది. అణిగి ఉన్నదంతా ఒక్కసారే వస్తుంది.

వాడు కళ్లు తెరిచాడు. తెరిచి అరిచాడు. విరిగిన దవడతో మనిషి అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. బొబ్బల చెయ్యి, చీలిన భుజం, పక్కటెముకలు, ముక్కు, నెలలుగా దాచుకున్న దెబ్బలన్నీ ఒకేసారి తిరగబడ్డాయి. నలుగురు పట్టుకున్నా బల్ల మీంచి ఎగిరిపడ్డాడు. నర్సు మీద ఉమ్మాడు. నన్ను తన్నాడు.

"తియ్యక్కా! ఆ సూది ఇరుగుడు తియ్యి! సంపెయ్యి నన్ను!"

విరుగుడు బలం ఎక్కువసేపు ఉండదు. కాసేపటికి నీరసించి మళ్లీ మునిగిపోయాడు, ముఖం మీద మళ్లీ ఆ పాడు నవ్వు వచ్చింది, ఊపిరి మందగించింది. మళ్లీ ఎక్కించాను. మళ్లీ అరిచాడు. నా తమ్ముడిని నేనే సుఖంలోంచి పట్టుకుని లాగి నొప్పిలో పడేయడం, వాడు జారిపోగానే మళ్లీ లాగడం, ఇదే నా వైద్యం. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఎక్కించాను.

"గాయాలు మానేదాకా ఆ గింజ ఇట్లే పోస్తుంది" అన్నాడు మా ఆయన. ఆయన పిడికిళ్లు ఉబ్బి ఉన్నాయి, వేళ్ల మీద వీరేశు పళ్లు దిగిన గాట్లు. "ఇప్పుడే తీయల్ల."

పూర్తి మత్తు ఇచ్చే డాక్టరు కర్నూలు నుంచి రావాలి. అంతదాకా వాడు ఆగడు. ఆయన వీరేశు దవడలో తిమ్మిరి సూది వేశాడు. ఒకటి, రెండు, మూడు. పని చెయ్యలేదు. వాచిన కండలో ఆమ్లం ఉంటే తిమ్మిరి మందు పారదు. ఏ ఆమ్లాన్ని చూసి గింజ మేలుకుంటుందో ఆ ఆమ్లమే సూదిని పనికిరాకుండా చేసింది. దవడను అలా వాచేటట్టు చేసింది ఆయన పిడికిలి.

ఆయన నా వైపు చూశాడు. నేను సిరంజి పట్టుకుని తల ఊపాను. ఇంకేం చెయ్యగలం?

నొప్పి లేకుండా పన్ను తీయడమే జీవితం అనుకున్న మనిషి, తెలివిలో ఉన్న బామ్మర్దిని బల్లకు కట్టించి, విరిగిన దవడను తెరిచి ఎముకను తొలిచాడు. మానిన ఎముక గింజను గట్టిగా పట్టేసింది. డ్రిల్లు శబ్దం మీద వీరేశు అరుపు. పంటిచిగురు చీలి ఆయన కళ్లలోకి రక్తం చిమ్మింది. తుడుచుకోలేదు. "అయిపాయ నాయనా, అయిపాయ" అంటూనే తొలిచాడు. ఒకసారి వీరేశు ఆయన వేలు కొరికి పట్టుకున్నాడు. పళ్లు ఎముకదాకా దిగాయి. ఆయన వేలు లాక్కోలేదు, రెండో చేత్తో పని కానిచ్చాడు. గింజ ట్రేలో టక్కున పడింది. దాన్ని ఆయన చూడను కూడా చూడలేదు. వెళ్లి గోడకు తల ఆనించి వాంతి చేసుకున్నాడు.

మా అత్తకు భుజానికి కట్టు వేశాం, తలకు కుట్లు పడ్డాయి. తెలివి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, "ఆ పిల్లోడు ఉండాడా?" ఉన్నాడన్నాను. తనను కొట్టినవాడి కోసం ఏడ్చింది, కొడుకు కోసం ఏడ్చింది. తన కోసం మాత్రం ఏడవలేదు.

వీరేశుకు నొప్పి తగ్గించాలి కదా. పారాసిటమాల్ సరిపోలేదు. చివరికి నల్లమందు జాతిదే అయిన పాత మార్ఫిన్‌నే ఇచ్చాను, చిటికెడంత, పక్కన నర్సును కూర్చోబెట్టి ఊపిరి లెక్కపెట్టిస్తూ. ఎంత ఇచ్చామో, ఎంతసేపటికి ఇచ్చామో, ఎప్పుడు ఆపాలో తెలిసిన మందు. మనిషి పక్కన మనిషి కూర్చుంటేనే అది మందు.

మూడో రోజు పొద్దున వాడి చూపు నిలిచింది. దవడ తీగలతో బిగించి ఉంది. కంటిపాపలు మామూలుగా ఉన్నాయి. "నొప్పి ఉందా?" అన్నాను. కళ్లనిండా నీళ్లతో ఉందన్నట్టు తల ఊపాడు. చెప్పకూడదు గానీ నాకు పండగలా అనిపించింది.

అప్పుడే మా ఆయన వచ్చాడు. దవడ వాపు ఎంతవరకు దిగిందో చూద్దామని మంచం మీదికి వంగి, కట్టున్న చెయ్యి మెల్లగా చాపాడు.

వీరేశు గిజగిజలాడి వెనక్కి జరిగాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని, మంచం మూలకు ఒదిగిపోయాడు. బిగించిన పళ్లసందుల్లోంచి మాట వచ్చింది.

"కొట్టొద్దు బావా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేల మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. దెబ్బంటే భయపడుతున్నాడు, నా తమ్ముడు బతికాడు. కానీ వాడు భయపడేది వాడిని కన్నకొడుకులా చూసుకున్న ఈ మనిషి చేతిని. ఇది ఎప్పటికి పోతుందో ఏ డాక్టరూ చెప్పలేడు.

ఆయన లేచి ముఖం కడుక్కున్నాడు. బయట తిక్కయ్యను పోలీసులు తాళ్లతో కట్టి తెచ్చారు, మిల్లులో ఎవరి కాలో విరగ్గొట్టాడట, తిరిగి కొట్టించుకోవడానికి. వాడి వెనక గింజ తీయాల్సినవాళ్లు ఇంకా అరవై మంది ఉన్నారు. కర్నూలు నుంచి మత్తు డాక్టరు వచ్చాడు. నేను బల్ల తుడిపించి, తిక్కయ్యను లోపలికి తెమ్మన్నాను.